ట్రైలర్ లాగడానికి, కుటుంబంతో క్యాంపింగ్‌కు సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీ: ఎంపిక నుంచి మార్పుల వరకు సమగ్ర మార్గదర్శి

వాడిన ఎస్‌యూవీని అమ్మేవారు ముందుగా చెప్పే మాట అది ఎన్ని కిలోలు లాగుతుందన్నది. కొనేవారు కూడా ఆ ఒక్క అంకె చూసే నిర్ణయానికి వస్తారు. కానీ నలుగురైదుగురున్న కుటుంబం సామానుతో బయలుదేరినప్పుడు ముందుగా చేరుకునే హద్దు లాగుడు సామర్థ్యం కాదు, బండి తన మీద మోయగల బరువు, అంటే పేలోడ్. ఇంజిన్‌కు ఇంకా శక్తి మిగిలి ఉండగానే వెనుక ఇరుసు, వెనుక టైర్లు, బ్రేకులు తమ హద్దులు దాటిపోతాయి. అందుకే ఈ మార్గదర్శి బండితో కాకుండా బరువుల లెక్కతో మొదలవుతుంది.

మొదటి మెట్టు: బండిని చూడకముందే బరువులు లెక్కించడం

ఏ మోడల్‌కైనా ఐదు అంకెలు సేకరించాలి. అవి ఖాళీ బండి బరువు, బండి మోయదగిన గరిష్ఠ మొత్తం బరువు, బండీ ట్రైలరూ కలిపి ఉండదగిన గరిష్ఠ బరువు, ఒక్కొక్క ఇరుసుకూ విధించిన పరిమితి, హిచ్ (ట్రైలర్‌ను బండికి తగిలించే అమరిక) మీద పడదగిన గరిష్ఠ బరువు. వీటిలో కొన్ని డ్రైవర్ తలుపు తెరిచినప్పుడు కనిపించే స్టిక్కర్ మీద ఉంటాయి, మిగిలినవి యజమాని చేతిపుస్తకంలో దొరుకుతాయి. ఇంటర్నెట్‌లో దొరికే అంకెల మీద ఆధారపడకూడదు, ఎందుకంటే ఒకే మోడల్‌లో సన్‌రూఫ్, మూడో వరుస సీట్లు, పెద్ద చక్రాలు ఉన్న ఖరీదైన వేరియంట్‌కు పేలోడ్ సాధారణంగా తక్కువే ఉంటుంది. కొన్ని దేశాల పత్రాలలో 75 కిలోల డ్రైవర్ బరువును ఖాళీ బండి బరువులోనే కలుపుతారు, మరికొన్నింటిలో కలపరు. లెక్క మొదలుపెట్టే ముందే ఈ విషయం తేల్చుకోవాలి.

తరువాత ట్రైలర్ అసలు బరువు తెలియాలి. తయారీదారు కరపత్రంలో ఉండేది ఖాళీ ట్రైలర్ బరువు మాత్రమే. అందులో నీళ్లు, గ్యాస్ సిలిండర్, పరుపులు, వంట సామాను, బ్యాటరీ, గుడారం చేరాక బరువు వందల కిలోలు పెరుగుతుంది. లీటరు నీళ్లంటే కిలో బరువు కాబట్టి నూరు లీటర్ల తొట్టి నింపితే నూరు కిలోలు చేరినట్టే. ట్రైలర్ మొత్తం బరువులో కొంత భాగం హిచ్ మీద, అంటే బండి మీదే పడుతుంది, దీనినే టంగ్ వెయిట్ అంటారు. ఉత్తర అమెరికా తరహా ట్రైలర్లకు ఇది 10 నుంచి 15 శాతం వరకు ఉండాలని చెబుతారు, యూరప్ తరహా కారవాన్లకు అంతకంటే తక్కువగా ఉంటుంది. ఎంత శాతమైనా ఆ బరువును బండి పేలోడ్ నుంచే తీసివేయాలి. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే.

ఒక ఉదాహరణను చివరిదాకా లెక్కవేసి చూద్దాం. మొత్తం బరువు పరిమితి 2,950 కిలోలు, ఖాళీ బరువు 2,350 కిలోలు ఉన్న ఎస్‌యూవీకి పేలోడ్ 600 కిలోలు. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు కలిసి 215 కిలోలు అనుకుందాం. సామాను నింపిన ట్రైలర్ 1,800 కిలోలైతే హిచ్ మీద పది శాతం చొప్పున 180 కిలోలు పడుతుంది, అక్కడికి 395 అయింది. పైకప్పు రాక్, దాని మీది గుడారం కలిపి 95 కిలోలు, ఫ్రిజ్, అందులోని తిండి, రెండో బ్యాటరీ, దాని వైరింగ్ కలిపి 60, బట్టలు, దుప్పట్లు, పాత్రలు కలిపి 50 కలిపితే సరిగ్గా 600 వస్తుంది. ఇక వెనుక భాగంలో ఇరవై లీటర్ల నీళ్ల డబ్బాలు రెండు పెట్టగానే బండి పరిమితిని 40 కిలోలు దాటిపోతుంది. ఈ బండి ప్రకటనలో 3,000 కిలోలు లాగుతుందని రాసి ఉన్నా, లాగుతున్నది 1,800 కిలోలే. లాగుడు సామర్థ్యం ఇంకా 1,200 కిలోలు మిగిలి ఉండగానే పేలోడ్ అయిపోయింది.

లాగుడు సామర్థ్యాన్ని నిర్ణయించే పరీక్షలను చూస్తే దీనికి కారణం తెలుస్తుంది. ఉత్తర అమెరికా తయారీదారులు పాటించే ఎస్‌ఏఈ (ఆటోమోటివ్ ఇంజినీర్ల సంఘం) జే2807 ప్రమాణం ప్రకారం సాధారణ ప్రయాణికుల వాహనాన్ని పరీక్షించేటప్పుడు అందులో ఒక్కొక్కరు 68 కిలోల చొప్పున ఇద్దరు మాత్రమే ఉన్నట్టు లెక్కిస్తారు. 12 శాతం వాలు మీద ఆగిన చోటు నుంచి మళ్లీ కదలడం, అరిజోనాలోని డేవిస్ డ్యామ్ ఎత్తును ఏసీ పూర్తిగా పెట్టి ఎక్కడం వంటి కఠినమైన పరీక్షలు అందులో ఉన్నాయి, కాబట్టి ఆ అంకె బూటకం కాదు. కానీ వెనుక సీట్లో పిల్లలు, డిక్కీలో సామాను ఉన్న కుటుంబాన్ని ఆ అంకె లెక్కలోకి తీసుకోలేదు.

ఇరుసు పరిమితికి కూడా ఇంత ప్రాముఖ్యం ఉంది. హిచ్ బంతి వెనుక ఇరుసుకు దూరంగా, దాని వెనుక ఉంటుంది కాబట్టి అక్కడ పడే బరువు మీటకోలలా పనిచేసి ముందు చక్రాలను పైకి లేపుతుంది. రెండు ఇరుసుల మధ్య దూరం 2.8 మీటర్లు, వెనుక ఇరుసు నుంచి బంతికి 1.2 మీటర్లు ఉన్న బండిలో హిచ్ మీద 180 కిలోలు వేస్తే వెనుక ఇరుసు మీద సుమారు 257 కిలోలు పెరుగుతాయి, ముందు ఇరుసు మీద 77 కిలోలు తగ్గుతాయి. స్టీరింగ్ తేలికపడడానికి, రాత్రివేళ హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్లలోకి కొట్టడానికి కారణం ఇదే. చక్రాల మధ్య దూరం ఎక్కువగా, వెనుక వేలాడే భాగం తక్కువగా ఉన్న బండి ట్రైలర్‌తో స్థిరంగా నడుస్తుంది. కొనేటప్పుడు ఈ రెండు కొలతలను ఎవరూ అడగరు, కానీ తప్పక అడగాలి.

రెండో మెట్టు: ఎలాంటి బండి కావాలో తేల్చుకోవడం

నిచ్చెన ఆకారపు ఛాసిస్ మీద బాడీని బిగించిన ఎస్‌యూవీలు ఒక రకం, బాడీ, ఛాసిస్ ఒకటిగా కలిసిన మోనోకాక్ ఎస్‌యూవీలు రెండో రకం. రెండు టన్నులకు మించిన ట్రైలర్, గతుకుల దారులు, ఏళ్ల తరబడి వాడకం ఉద్దేశమైతే మొదటి రకాన్నే ఎంచుకోమని సలహా ఇస్తాను. టొయోటా ల్యాండ్ క్రూజర్ 200, ప్రాడో, వై61 తరం నిస్సాన్ పెట్రోల్ వంటివి ఆ కోవకు చెందుతాయి. ట్రైలర్ టన్నున్నర లోపే ఉండి ప్రయాణమంతా తారు రోడ్ల మీదే అయితే మోనోకాక్ బండి తక్కువ ఇంధనంతో, ఎక్కువ సౌకర్యంతో పని జరుపుతుంది, అప్పుడు ఛాసిస్ బండి అనవసరమైన భారమే అవుతుంది. మూడో తరం నుంచి మిత్సుబిషి పజేరోలో మోనోకాక్ బాడీలోనే నిచ్చెన చట్రాన్ని కలిపి నిర్మించారు కాబట్టి ఈ విభజన ప్రతి బండికీ అచ్చంగా సరిపోదు.

పేరు చూసి మోసపోకూడదు. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ 2011 మోడల్‌తో ఛాసిస్‌ను వదిలి మోనోకాక్‌కు మారింది. నిస్సాన్ పాత్‌ఫైండర్ 2013 మోడల్‌తో మోనోకాక్ కావడమే కాక సీవీటీ (విడివిడి గేర్లు లేకుండా నిష్పత్తిని నిరంతరం మార్చే) గేర్‌బాక్స్‌కు కూడా మారింది, 2022 మోడల్‌లో మళ్లీ సాధారణ ఆటోమేటిక్‌కు తిరిగి వచ్చింది. ఒకే పేరుతో మూడు వేర్వేరు స్వభావాల బండ్లు సెకండ్ హ్యాండ్ మార్కెట్లో పక్కపక్కన నిలబడి ఉంటాయి. తరచుగా బరువు లాగే పనికి, సీవీటీ కంటే టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నమ్మదగినదని నా అభిప్రాయం.

ఇంజిన్ విషయంలో గరిష్ఠ హార్స్‌పవర్ కంటే తక్కువ ఆర్‌పీఎంలో (ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు) దొరికే టార్క్, అంటే తిప్పే బలం, ముఖ్యం, టర్బో డీజిల్‌కు ఇక్కడే ఆధిక్యం ఉంది. టర్బో లేని పెట్రోల్ ఇంజిన్ సముద్రమట్టం నుంచి ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ సుమారు పది శాతం శక్తి కోల్పోతుంది కాబట్టి కొండ ప్రాంతాలకు వెళ్లేవారు ఆ మేరకు ఎక్కువ సామర్థ్యాన్ని చూసుకోవాలి. పిల్లల సీట్లు వాడే కుటుంబమైతే ఆ సీట్లను వెంట తీసుకెళ్లి, రెండో వరుసలో పక్కపక్కన పడతాయో లేదో అక్కడికక్కడే బిగించి చూడాలి.

మూడో మెట్టు: బండిని పరిశీలించడం

ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే చూస్తామని అమ్మేవారికి ముందే చెప్పాలి. వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే ఆ రోజు పరిశీలన వాయిదా వేయడం మేలు, ఎందుకంటే చల్లని స్టార్ట్‌లో వినిపించే చైన్ శబ్దం, వాల్వ్ సీళ్ల నుంచి వచ్చే నీలి పొగ వేడి ఇంజిన్‌లో దాగిపోతాయి. తీపి వాసనతో, ఎంతకూ ఆగకుండా వచ్చే తెల్ల పొగ కూలెంట్ ఇంజిన్‌లోకి చేరుతున్నదనడానికి గుర్తు.

లాగుడు బండిలో ఇంజిన్ కంటే గేర్‌బాక్స్‌ను అనుమానంతో చూడాలి. డిప్‌స్టిక్ ఉన్న బండి అయితే దానిని తీసి తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి, కాసేపు అలాగే ఉంచి చూడాలి. మంచి నూనె ఎర్రగా, పారదర్శకంగా అంచులదాకా సమానంగా పరుచుకుంటుంది. గోధుమ రంగులో ఉండి మాడిన వాసన వస్తే వేడికి దెబ్బతిన్నట్టు లెక్క, చుక్క మధ్యలో నల్లని నలుసులు మిగిలితే క్లచ్ పలకలు అరుగుతున్నాయని అర్థం, గులాబీ రంగు పాలలా కనిపిస్తే అందులో కూలెంట్ కలిసింది. ఈ చివరి లక్షణానికి 2005 నుంచి 2010 వరకు వచ్చిన నిస్సాన్ పాత్‌ఫైండర్ పేరుపడింది. వాటి రేడియేటర్ లోపలి కూలర్ పగిలి కూలెంట్, గేర్ ఆయిల్ కలిసిపోయేవి. ఆ కాలపు బండిని చూస్తున్నట్లయితే రేడియేటర్ మార్చిన బిల్లు లేకుండా కొనకూడదు. డిప్‌స్టిక్ లేని గేర్‌బాక్స్ అయితే లిఫ్ట్ మీద ఎక్కించి మెకానిక్ చేత నూనె తీయించి చూడాలి.

బండి కిందికి దూరి చూడడం తప్పనిసరి. ఛాసిస్ పొడవునా, ముఖ్యంగా వెనుక స్ప్రింగులు బిగించిన చోట, వెల్డింగ్ అతుకుల దగ్గర స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ పోవాలి. గట్టి లోహం గణగణమంటుంది, లోపల తిన్న లోహం మొద్దుగా పలుకుతుంది, పొరలుగా ఊడుతుంది. మంచు మీద ఉప్పు చల్లే ప్రాంతాల నుంచి, సముద్ర తీరం నుంచి వచ్చిన బండ్లలో ఇది ఎక్కువ. అమెరికాలో 2005 నుంచి 2008 వరకు అమ్మిన టొయోటా సీక్వోయా కూడా ఛాసిస్ తుప్పు వివాదంలో కోర్టు రాజీ దాకా వెళ్లింది, కాబట్టి పేరున్న సంస్థ అని పరీక్ష మానకూడదు. తాజాగా నల్ల పూత పూసిన ఛాసిస్ కనిపిస్తే దానిని శుభ్రతగా కాక ప్రశ్నగా తీసుకోవాలి.

బండి ఇంతకుముందు ఎంత లాగిందో ఆనవాళ్లు చెబుతాయి. హిచ్ బంతి మీద మెరిసే అరుగుదల, హిచ్ గొట్టం రంధ్రం కోలగా సాగడం, వెనుక షాక్ అబ్జార్బర్ల నుంచి నూనె కారడం, వెనుక టైర్లు మధ్యలో కంటే అంచుల్లో ఎక్కువగా అరగడం, బ్రేక్ డిస్కుల మీద నీలి మచ్చలు వాటిలో కొన్ని. లాగిన బండి చెడ్డదని కాదు, సర్వీసు రికార్డులో గేర్ ఆయిల్, డిఫరెన్షియల్ ఆయిల్ సకాలంలో మార్చినట్టు ఉంటే అలాంటి బండి హిచ్ లేని బండి కంటే నిజాయితీగా తన కథ చెప్పినట్టే.

టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజిన్లకు అది ఎప్పుడు మార్చారో కాగితం మీద చూడాలి. పాత ల్యాండ్ క్రూజర్లలో, సీక్వోయాలలో వచ్చిన 4.7 లీటర్ల 2యూజెడ్ ఇంజిన్‌కు సుమారు లక్షా యాభై వేల కిలోమీటర్లకు బెల్ట్ మార్చాలి, సాధారణంగా దానితో పాటే వాటర్ పంప్ కూడా మారుస్తారు. ఛాసిస్ నంబర్‌తో తయారీదారు రీకాల్స్ పూర్తయ్యాయో లేదో సరిచూడాలి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూస్తే, అడుగున బురద మరక ఉన్నప్పుడు బండి వరదలో మునిగిందని బయటపడుతుంది. బండి కంప్యూటర్‌లోని లోపాలను చదివే ఓబీడీ స్కానర్ పెట్టినప్పుడు ఎర్రర్ కోడ్‌లు లేకపోయినా స్వీయ పరీక్షలు పూర్తికాలేదని చూపితే, ఈ మధ్యనే ఎవరో కోడ్‌లను చెరిపేసి ఉండవచ్చు.

నడిపి చూసేటప్పుడు కనీసం అరగంట పట్టించాలి. పొడవైన ఎత్తు ఎక్కించి, గేర్‌బాక్స్ రెండు గేర్ల మధ్య ఊగిసలాడుతున్నదా, టెంపరేచర్ ముల్లు కదులుతున్నదా అని గమనించాలి. మట్టి నేల మీద ఫోర్ వీల్ డ్రైవ్‌ను, లో రేంజ్‌ను (నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడిపే గేర్లను) వేసి తీసి చూడాలి. అవసరమైనప్పుడే నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే పార్ట్ టైమ్ వ్యవస్థ ఉన్న బండిని పొడి తారు రోడ్డు మీద అలా వేసి మలుపు తిప్పితే చక్రాలకు శక్తిని చేరవేసే భాగాలు దెబ్బతింటాయి.

నాలుగో మెట్టు: మార్పులకు ముందు మరమ్మతులు

కొన్న వెంటనే విడిభాగాల కేటలాగ్ తెరవాలనిపిస్తుంది, ఆ కోరికను ఆపుకోవాలి. బండి ధరలో కనీసం ఐదో వంతు అదనంగా చేతిలో ఉంచుకుని, దానిని ముందు పాత బాకీలు తీర్చడానికి వాడాలి. ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్, రెండు డిఫరెన్షియళ్లు, ట్రాన్స్‌ఫర్ కేస్, కూలెంట్, బ్రేక్ ఆయిల్ అన్నీ మార్చించాలి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది, దానితో మరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది, పొడవైన దిగుడులో ట్రైలర్ నెడుతున్నప్పుడు ఆ ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ నేలకు తగులుతుంది కానీ బండి ఆగదు. రబ్బరు గొట్టాలు, బెల్టులు, చక్రాల బేరింగులు, సస్పెన్షన్ బుష్‌లు కూడా ఈ దశలోనే చూడాలి.

ఐదో మెట్టు: మార్పులు, వాటి వరుస

మొదటి ఖర్చు టైర్ల మీద పెట్టాలి. టైరు పక్కన ఉండే లోడ్ ఇండెక్స్ ఒక్కో టైరు మోయగల బరువును తెలుపుతుంది, 112 అంటే 1,120 కిలోలు, 116 అంటే 1,250 కిలోలు. టైరు పక్కనే డాట్ (DOT) అని మొదలయ్యే ముద్రలో చివరి నాలుగు అంకెలు తయారైన వారాన్ని, సంవత్సరాన్ని చెబుతాయి, 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారం. గాడులు ఎంత లోతుగా ఉన్నా పదేళ్లు దాటిన టైరును వాడకూడదు, ఆరేళ్లు దాటినదాన్ని ఏటా నిపుణుడికి చూపాలి. కంపెనీ ఇచ్చిన కొలతకు మించిన పెద్ద టైర్లు మాత్రం వద్దు. 31 అంగుళాల టైరు స్థానంలో 33 అంగుళాలది వేస్తే గేరింగ్ సుమారు ఆరు శాతం బలహీనపడుతుంది, స్పీడోమీటర్ అసలు కంటే తక్కువ చూపుతుంది, బ్రేకుల మీద భారం పెరుగుతుంది. ట్రైలర్ లాగే బండికి ఇవన్నీ నష్టాలే.

రెండోది ట్రైలర్ బ్రేకులు. చాలా దేశాల్లో 750 కిలోలు దాటిన ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండాలి. ట్రైలర్‌వి ఎలక్ట్రిక్ బ్రేకులైతే బండిలో కంట్రోలర్ కావాలి. బండి ఎంత గట్టిగా ఆగుతుందో గ్రహించి అదే మోతాదులో ట్రైలర్‌ను ఆపే ప్రొపోర్షనల్ రకాన్నే తీసుకోవాలి, చేతితో నొక్కే మీట డ్రైవర్ చేతికి అందేలా బిగించాలి. ట్రైలర్ విడిపోతే దాని బ్రేకులను వేసే బ్రేక్అవే తీగను బండికే కట్టాలి, హిచ్ గొలుసుకు కాదు. హిచ్ విషయంలో యూరప్ ప్రమాణపు 50 మిల్లీమీటర్ల బంతి, అమెరికా ప్రమాణపు రెండంగుళాల బంతి దాదాపు ఒకేలా కనిపించినా రెండోది 50.8 మిల్లీమీటర్లు ఉంటుంది, ఒకదాని బదులు మరొకటి వాడకూడదు.

మూడోది గేర్‌బాక్స్ చల్లదనం. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లను చంపేది వేడి. మామూలుగా 80 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండే నూనె 120 దాటి చాలాసేపు నడిస్తే దాని ఆయుష్షు వేగంగా తరిగిపోతుంది. రేడియేటర్ ముందు అదనపు కూలర్‌ను, నూనె ఉష్ణోగ్రత చూపే గేజ్‌ను అమర్చుకోవాలి. రెండింటిలో ఒకదానికే డబ్బుంటే గేజ్‌నే ముందు కొనమంటాను, ఎందుకంటే వేడి పెరుగుతున్నట్టు తెలిసిన డ్రైవర్ గేరు తగ్గించి, వేగం తగ్గించి, అవసరమైతే ఆగి బండిని కాపాడుకుంటాడు.

సస్పెన్షన్ ఆ తరువాతే రావాలి. బలమైన వెనుక స్ప్రింగులు, వాటికి తగిన షాక్ అబ్జార్బర్లు, లేదా కాయిల్ స్ప్రింగ్ లోపల పెట్టే గాలి సంచులు వెనుక భాగం కుంగిపోకుండా చూస్తాయి. కానీ బండి సమంగా నిలబడినంత మాత్రాన దాని బరువు పరిమితి పెరగదు, ఈ భ్రమ వల్లనే చాలా ఇరుసులు, ఛాసిస్‌లు విరుగుతున్నాయి. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ కొంత బరువును తిరిగి ముందు ఇరుసు మీదికి, ట్రైలర్ ఇరుసు మీదికి పంపి స్టీరింగ్‌కు పట్టునిస్తుంది, కానీ కొందరు తయారీదారులు దానిని అనుమతించరు కాబట్టి ముందు చేతిపుస్తకం చూడాలి. బండిని పైకి లేపే కిట్‌లను కుటుంబ ప్రయాణానికి సిఫారసు చేయను. గురుత్వ కేంద్రం పైకి పోతుంది, హిచ్ ఎత్తు మారి ట్రైలర్ ముక్కు పైకి లేస్తుంది.

విద్యుత్తుకు స్టార్టింగ్ బ్యాటరీతో సంబంధం లేని రెండో బ్యాటరీ కావాలి. నలభై యాభై లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్ వాతావరణాన్ని బట్టి రోజుకు సుమారు 30 నుంచి 45 ఆంపియర్ అవర్లు తీసుకుంటుంది. నూరు ఆంపియర్ అవర్ల లెడ్ బ్యాటరీని సగం కంటే ఎక్కువ ఖాళీ చేయకూడదు కాబట్టి అది ఒక రోజుకు కాస్త పైగా వస్తుంది, అదే సామర్థ్యమున్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ సుమారు రెండు రోజులు నడుపుతుంది. అంతేకాక దాని బరువు లెడ్ బ్యాటరీలో సగం కంటే తక్కువ, అంటే పేలోడ్ మిగులుతుంది. అయితే లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు చార్జ్ చేయకూడదు, ఇంజిన్ పక్కన వేడిలో పెట్టకూడదు. కొత్త తరం బండ్లలోని ఆల్టర్నేటర్ వోల్టేజిని తనంతట తాను తగ్గించుకుంటుంది కాబట్టి ఆ వోల్టేజిని రెండో బ్యాటరీకి తగినట్టు సర్దే డీసీ-డీసీ చార్జర్ తప్పనిసరి, ఫ్యూజును బ్యాటరీకి అతి దగ్గరగా పెట్టాలి.

పైకప్పు మీద వీలైనంత తక్కువ పెట్టాలి. కదులుతున్నప్పుడు పైకప్పు మోయగల బరువు చాలా బండ్లకు 75 నుంచి 100 కిలోల మధ్యే ఉంటుంది, రాక్ బరువు కూడా అందులోకే వస్తుంది.

ఆరో మెట్టు: తూకం, తొలి ప్రయాణం

సామానంతా సర్ది, ట్యాంకు నింపి, కుటుంబమంతా కూర్చుని లారీలు తూచే కాటా మీదికి వెళ్లాలి. మొదట ట్రైలర్ తగిలించి బండి ముందు ఇరుసును, వెనుక ఇరుసును, ట్రైలర్ చక్రాలను విడివిడిగా తూయించాలి, తరువాత ట్రైలర్ విప్పి ఒక్క బండిని తూయించాలి. తగిలించినప్పుడు బండి రెండు ఇరుసుల మీద కలిపి పెరిగిన బరువే హిచ్ మీద పడుతున్న బరువు. ఏ అంకె హద్దు దాటినా సామాను దించాలి, మరో మార్గం లేదు. ట్రైలర్‌లో బరువైనవి ఇరుసుకు కొంచెం ముందుగా, నేలకు దగ్గరగా సర్దాలి. వెనుక బరువెక్కిన ట్రైలర్ వేగం పెరిగేకొద్దీ పాములా మెలికలు తిరగడం మొదలుపెడుతుంది. అలా జరిగితే స్టీరింగ్‌ను నిటారుగా పట్టుకుని, యాక్సిలరేటర్ మీది కాలు మెల్లగా తీసి, చేతి మీటతో ట్రైలర్ బ్రేకులను మాత్రమే వేయాలి. బండి బ్రేకును గట్టిగా తొక్కడం, వేగం పెంచి సరిచేయాలని చూడడం రెండూ ప్రమాదకరమే.

దిగుడు మొదలవకముందే తక్కువ గేరులోకి మారి ఇంజిన్‌తోనే వేగాన్ని అదుపు చేయాలి. రాత్రి బండిలో పడుకున్నప్పుడు వెచ్చదనం కోసం ఇంజిన్‌ను గానీ, గ్యాస్ పొయ్యిని గానీ నడపకూడదు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. తొలి ప్రయాణంలో యాభై నుంచి వంద కిలోమీటర్ల తరువాత ఆగి, చక్రాల నట్లను టార్క్ రెంచ్‌తో మళ్లీ బిగించి, ట్రైలర్ హబ్‌ల దగ్గర చేయి పెట్టి చూడాలి. ఒక హబ్ మిగిలినవాటి కంటే బాగా వేడిగా ఉంటే దాని బేరింగ్ అరిగి ఉంటుంది లేదా బ్రేక్ పట్టేసి ఉంటుంది. అది సరిచేశాకే ముందుకు కదలాలి.